విదేశంలో చవకగా పల్లె భూమి కొనడం ఎలా

పోయిన దసరా సెలవుల్లో మా అపార్టుమెంటు కింద కుర్చీలు వేసుకుని కూర్చున్నప్పుడు, మా బ్లాకులోని కర్నూలాయన తన ఫోను నా చేతికిచ్చారు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, ఐదెకరాలు, ఐదు వేల డాలర్లు. ఫొటోలో నీలి ఆకాశం, దూరంగా మంచు కొండలు, ముందంతా పొదలు మొలిచిన బయలు. “సర్జాపూర్ రోడ్డులో ఈ డబ్బుకు కారు నిలుపుకునే చోటు కూడా రాదు” అన్నారు. ఆయన లెక్క తప్పు కాదు. దేవనహళ్లి దాటి ఎంత దూరం వెళ్లినా ఎకరం మాట కోట్లలోనే నడుస్తోంది. బెంగళూరులో పదేళ్లు జీతం దాచుకున్న మనిషికి అలాంటి ప్రకటన చూస్తే మనసు లాగడంలో వింత లేదు.

నాకూ అలాగే లాగింది. కిందటి ఏడాది మధ్య పోర్చుగల్‌లో అర హెక్టారు ఆలివ్ తోట కొన్నాను. మన లెక్కలో ఎకరం ఇరవై మూడు సెంట్లు, ధర 7 వేల యూరోలు. నా కొనుగోలులో తెలుసుకున్నవీ, కర్నూలాయన కోసం తర్వాత వెతికినవీ కలిపి, ఏ పని తర్వాత ఏది చేయాలో చెబుతాను.

ముందుగా ఒక్క మాట తేల్చుకోండి: ఆ భూమి మీకు దేనికి? అక్కడ స్థిరపడటానికే అయితే భూమి కంటే ముందు వీసా చూసుకోవాలి. పొలం కొంటే నివాస హక్కు దానంతట అదే రాదు. పోర్చుగల్‌లో ఆస్తి కొని గోల్డెన్ వీసా, అంటే పెట్టుబడి పెట్టినవారికి ఇచ్చే నివాస అనుమతి, పొందే దారిని 2023 అక్టోబరులోనే మూసేశారు. జపాన్‌లో ఇల్లు కొన్నా వీసాకు అది లెక్కలోకి రాదు.

ఆ దేశం మీకు అమ్మనిస్తుందా

ధరలు చూడటానికి ముందే ఈ వడపోత చేయాలి. కర్ణాటకలో 2020 వరకు వ్యవసాయదారులు కానివారు సాగుభూమి కొనకుండా భూసంస్కరణల చట్టంలో ఆంక్షలు ఉండేవి. మన దేశం ఎన్నారైలను కూడా సాగుభూమి కొననివ్వదు. మనకున్నట్టే వాళ్లకూ ఉంటాయి.

నేపాల్, భూటాన్ విదేశీయులకు భూమి అమ్మవు. చెన్నై నుంచి గంటన్నర ప్రయాణమైన శ్రీలంక 2014లో చట్టం చేసి విదేశీయులకు భూమి బదిలీని ఆపేసింది. గరిష్ఠంగా 99 ఏళ్ల లీజు తీసుకోవచ్చు, లేదా నాలుగో అంతస్తు నుంచి పైన ఫ్లాటు కొనుక్కోవచ్చు. ఫిలిప్పీన్స్ రాజ్యాంగమే అడ్డు చెబుతుంది. థాయ్‌లాండ్‌లో మామూలుగా దొరికేది 30 ఏళ్ల లీజు. ఇండోనేషియాలో పూర్తి యాజమాన్య హక్కు ఆ దేశ పౌరులకే. ఈ దేశాల్లో మధ్యవర్తులు ఒక ఉపాయం చెబుతారు: “స్థానికుడి పేరు మీద పెడదాం, మీకు విడిగా అగ్రిమెంటు రాసిస్తాడు.” మన భాషలో దాని పేరు బినామీ. గొడవ వస్తే ఆ అగ్రిమెంటు పట్టుకుని మీరు కోర్టుకు కూడా వెళ్లలేరు. ఎందుకంటే మీరు చేసిందే చట్టవిరుద్ధం.

జార్జియా సంగతి వేరు. అమెరికా రాష్ట్రం గురించి కాదు, కాకసస్ కొండల్లోని దేశం గురించి చెబుతున్నాను. 2010 తర్వాతి కొన్నేళ్లలో పంజాబ్ రైతులు అక్కడికి వెళ్లి చవకగా పొలాలు కొన్నారు. ఊళ్లలో వ్యతిరేకత వచ్చింది, ప్రభుత్వం తాత్కాలిక నిషేధాలు పెట్టింది, చివరికి 2018 డిసెంబరులో అమల్లోకి వచ్చిన రాజ్యాంగ మార్పుతో సాగుభూమి యాజమాన్యం కొద్ది మినహాయింపులు తప్ప ఆ దేశస్థులకే పరిమితమైంది. కాబట్టి ఈ రోజు చట్టం ఏమిటని అడగడంతో ఆగకండి. ఆ ఊళ్లో విదేశీయులు భూమి కొనడం మీద స్థానిక పత్రికలు ఏం రాస్తున్నాయో కూడా అనువాద యంత్రం పెట్టుకుని చదవండి.

మెక్సికోలో తీరం నుంచి 50 కిలోమీటర్ల లోపు, సరిహద్దు నుంచి 100 కిలోమీటర్ల లోపు విదేశీయులు నేరుగా భూమి కొనలేరు. బ్యాంకు ట్రస్టు ద్వారా పోవాలి. అక్కడ చాలా చవకగా కనిపించే ‘ఎహీదో’ భూములు గ్రామ సమష్టి భూములు. మన దగ్గర అసైన్డ్ భూమి కొన్నవాడికి పట్టే గతే వాటిని కొన్నవాడికీ పడుతుంది.

ఈ వడపోతలో మిగిలేవి జపాన్, పోర్చుగల్, అమెరికాలోని చాలా రాష్ట్రాలు, పరాగ్వే, ఉరుగ్వే లాంటివి. అమెరికాలోనూ రాష్ట్రానికో తీరు. అయోవాలో ఆ దేశ నివాసి కాని విదేశీయుడు సాగుభూమి కొనకూడదు.

నీళ్లు, దారి, పక్కవాడు

మా నాన్న పొలం చూడటానికి వెళ్తే ధర ఆఖర్న అడిగేవారు. ముందు మూడే ప్రశ్నలు: నీళ్లెక్కడివి, దారెటు, పక్కవాడెవడు. మదనపల్లె దగ్గర పుట్టిన ఈ మూడు ప్రశ్నలు ఏ దేశంలోనైనా పనికొస్తున్నాయి. ఎక్కడైనా భూమి అంత చవకగా ఉందంటే, ఈ మూడింటిలో ఒకదాని దగ్గర కారణం దొరుకుతుంది.

కర్నూలాయన చూపించిన ఐదెకరాలు శాన్ లూయిస్ లోయలోని కోస్టిల్లా కౌంటీవి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఆ లోయ దాదాపు 7,600 అడుగుల ఎత్తున ఉంటుంది, అనంతపురంలో పడే వానలో సగం కూడా అక్కడ పడదు. 1970లలో పెద్ద పశువుల మేత భూములను ముక్కలు చేసి, చూడకుండానే కొనేవారికి పంచిన ప్లాట్లు అక్కడ వేలల్లో ఉన్నాయి. నీటి మీద హక్కు భూమితో పాటు రాదు. ముందుగా వాడుకున్నవారికి ముందు హక్కు అన్న పద్ధతి అక్కడిది. 35 ఎకరాల కంటే చిన్న స్థలంలో బోరుకు అనుమతి దొరికినా సాధారణంగా ఇంటి లోపలి వాడకానికే. బయట నాలుగు వంగ మొక్కలకు పెట్టకూడదు. వాన నీళ్లు పట్టుకుందామా అంటే, 2016 చట్టం ప్రకారం ఇంటికి రెండు పీపాలు, మొత్తం 110 గ్యాలన్లు, అంటే 416 లీటర్లు. బెంగళూరులో వాన నీళ్లు పట్టకపోతే జలమండలి జరిమానా వేస్తుంది, అక్కడ ఎక్కువ పడితే తప్పు. ఈ మాట విన్నాక కర్నూలాయన కాసేపు మాట్లాడలేదు.

అలాంటి ప్లాటుకు అమ్మేవాడిని మూడు అడగండి: బోరు అనుమతి ఏ రకం, చుట్టుపక్కల బోర్లు ఎన్ని అడుగుల్లో పడ్డాయి, సెప్టిక్ ట్యాంకుకు అనుమతి వస్తుందా. జవాబు కౌంటీ కార్యాలయం నుంచి రావాలి, అమ్మేవాడి నోటి నుంచి వచ్చింది చాలదు. అక్కడి కార్యాలయాలు ఈమెయిలుకు జవాబిస్తాయి, ఇది మాత్రం మనకు అలవాటు లేని సుఖం.

దారి విషయానికి జపాన్ మంచి పాఠం. 2023 గణన ప్రకారం అక్కడ 90 లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. పల్లెల్లో కొన్నిటిని దాదాపు ఊరికే ఇచ్చేస్తున్నారు. విదేశీయులు కొనవచ్చు. కానీ పట్టణ ప్రణాళిక పరిధిలో ఉన్న స్థలం కనీసం 4 మీటర్ల వెడల్పున్న రోడ్డును 2 మీటర్ల మేర తాకాలి. తాకకపోతే పాత ఇల్లు కూల్చి కొత్తది కట్టడానికి అనుమతి రాదు. చాలా పాత ఇళ్లు చవకగా రావడానికి ఇదీ ఒక కారణం. ఇంటితో పాటు పెరటి పొలం కలిసి వస్తుంటే మరో చిక్కు: పొలాన్ని బదిలీ చేయడానికి స్థానిక వ్యవసాయ కమిటీ అనుమతి కావాలి. మీరు నిజంగా సాగు చేస్తారా అని వాళ్లు అడుగుతారు. బెంగళూరులో కూర్చుని చేస్తానంటే నమ్మరు, నమ్మనూ కూడదు.

అమెరికాలోనైతే పటంలో రోడ్డు గీసి ఉన్నా నేల మీద ఉండకపోవచ్చు. అవతలివాడి భూమి మీదుగా నడిచే హక్కు రిజిస్టరైన పత్రంలో ఉందో లేదో చూడండి. “అందరూ అటే పోతారు” అన్నది హక్కు కాదు. మన డొంకదారి తగాదాలు చూసినవారికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక పక్కవాడు. ఈ ప్రశ్న పోర్చుగల్‌లో నన్ను కాపాడింది. అక్కడ చిన్న సాగుభూమి అమ్ముతుంటే ఆనుకుని ఉన్న పొలాల యజమానులకు ముందుగా కొనే హక్కు ఉంటుంది. వాళ్లకు చెప్పకుండా అమ్మితే, సంగతి తెలిసిన ఆరు నెలల్లోపు కోర్టులో ధర కట్టి ఆ భూమిని తమదిగా చేసుకోవచ్చు. నా తోటకు ముగ్గురు పొరుగువారు. ఇద్దరికి నోటీసు వెళ్లింది, మూడో ఆయన ఫ్రాన్స్‌లో ఉన్నాడని అమ్మేవాళ్లు వదిలేశారు. ఆయన రాతపూర్వకంగా వద్దనే దాకా మా లాయరు రిజిస్ట్రేషన్ జరగనివ్వలేదు. అప్పుడు ఆ నాలుగు నెలల ఆలస్యానికి లాయరు మీద విసుక్కున్నాను. ఇప్పుడు విసుక్కోవడం లేదు.

రెవెన్యూ సైటు అక్కడా ఉంటుంది

బెంగళూరులో కన్వర్షన్ కాని, అంటే ఇళ్లు కట్టడానికి మార్పించని పొలంలో కోసిన ముక్కను రెవెన్యూ సైటు అంటారు. బీ ఖాతా (అనుమతులు సరిగా లేని ఆస్తులకు ఇచ్చే పన్ను ఖాతా) బాధలు పడ్డవారికి దీని రుచి తెలుసు. పోర్చుగల్‌లో భూమి ‘రుస్తికు’, ‘ఉర్బను’ అని రెండు రకాలు. మొదటిది సాగుకు, రెండోది కట్టడానికి. రుస్తికు భూమి చవక, కానీ దాని మీద ఇల్లు కట్టుకోవచ్చన్న భరోసా లేదు. జాతీయ వ్యవసాయ రిజర్వులో పడితే ఆశ దాదాపు వదులుకోవాలి. “రేపు అనుమతి వస్తుంది” అన్న మాట ఆనేకల్‌లో విన్నా అక్కడ విన్నా ఒకటే విలువ. కట్టాలనుకుంటే స్థానిక పురపాలక కార్యాలయంలో ముందస్తు విచారణ అర్జీ పెట్టి, జవాబు వచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి.

అక్కడ కాగితాలు రెండు చోట్ల ఉంటాయి: పన్ను కార్యాలయంలో ఒకటి, రిజిస్ట్రీలో ఒకటి. మన అడంగల్, ఈసీ లాగా. రెండింటిలో విస్తీర్ణం ఒకేలా ఉండాలి. నాది పన్ను పుస్తకంలో 5,000 చదరపు మీటర్లు, రిజిస్ట్రీలో 4,300. హద్దులు చెప్పడానికి పాత రాతి గోడ, రెండు ఆలివ్ చెట్లు తప్ప ఇంకేమీ లేవు. దేశంలో చాలా చోట్ల పల్లె భూములకు సర్వే పటమే లేకపోవడంతో ‘బూపీ’ అనే ప్రభుత్వ వ్యవస్థలో యజమానులు తమ హద్దులు గుర్తిస్తున్నారు. అమ్మేవాళ్లు ఆ పని పూర్తి చేశాకే కొనడం మంచిది.

అమెరికాలో క్విట్‌క్లెయిమ్ పత్రం ఇస్తామంటే జాగ్రత్త. “నాకేమైనా హక్కు ఉంటే అది నీకు” అని మాత్రమే దాని అర్థం. హక్కుకు పూచీ ఇచ్చే వారంటీ పత్రం అడగండి, యాజమాన్య హక్కులో లోపం బయటపడితే నష్టం భరించే టైటిల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. భూమే ఐదు వేల డాలర్లయినప్పుడు ఇన్సూరెన్సు ఖర్చు దండగ అనిపిస్తుంది. అమ్మేవాడు సరిగ్గా ఆ లెక్క మీదే బతుకుతున్నాడు.

ఏ దేశమైనా లాయరు మీవాడై ఉండాలి. అమ్మేవాడు చూపించిన లాయరు, బ్రోకరు చుట్టం లాయరు వద్దు.

చూడకుండా కొనకండి

వీలైతే చెడ్డ కాలంలో వెళ్లండి. కొలరాడోకు జనవరిలో, పోర్చుగల్‌కు ఆగస్టులో. నేను ఆగస్టులోనే వెళ్లాను. నలభై డిగ్రీల ఎండ, పక్క కొండ మీద కాలిపోయిన యూకలిప్టస్ మోళ్లు. 2017 జూన్‌లో పెద్రోగావ్ గ్రాందె దగ్గర అడవి మంటల్లో 66 మంది చనిపోయారు. అప్పటి నుంచి ఇళ్ల చుట్టూ 50 మీటర్ల మేర గడ్డి, పొదలు తీయించే బాధ్యత మీద గట్టిగా నిలబడుతున్నారు. తీయించకపోతే జరిమానా. ఏటా ఆ కూలి ఖర్చు ఎంతో కొనేముందే అడగండి. మీరు వెళ్లలేకపోతే అక్కడి బంధువును పంపండి. ఫోనులో వీడియో తీయమంటే వాళ్లు తోట మధ్యలో నిలబడి తీస్తారు, హద్దు వెంట నడుస్తూ తీయమని చెప్పండి.

మన పేర్ల తంటా

తెలుగువాళ్లకు ఇది ప్రత్యేకమైన మెట్టు. పాన్ కార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, ఆధార్‌లో ముందు, బ్యాంకులో వెనక. అక్కడి రిజిస్ట్రీకి మాత్రం ఒకే పేరు కావాలి. నా మొదటి బదిలీ తొమ్మిది రోజుల తర్వాత తిరిగి వచ్చింది. కారణం అగ్రిమెంటులో పేరు ఒకలా, పంపినవాడి పేరు ఒకలా ఉండటం. రెండుసార్లు ఛార్జీలు పోయాయి, మధ్యలో యూరో కూడా పెరిగింది. మా ఆవిడ పేరైతే పాన్‌లో పుట్టింటి ఇంటిపేరుతో, పాస్‌పోర్టులో మా ఇంటిపేరుతో ఉంది.

కాబట్టి పాస్‌పోర్టులో ఉన్న పేరునే అన్నిటికీ మూలం చేసుకోండి. పాన్, బ్యాంకు ఖాతా దానికి తగ్గట్టు ముందే సరిచేయించుకోండి. అది కుదరకపోతే రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ చేయించి, అపోస్టిల్ వేయించి పెట్టుకోండి. అపోస్టిల్ అంటే మన విదేశాంగ శాఖ వేసే ముద్ర. 2005 నుంచి భారత్ ఆ ఒప్పందంలో ఉంది కాబట్టి సభ్య దేశాల్లో అది చెల్లుతుంది. రిజిస్ట్రేషన్‌కు మీరు వెళ్లకపోతే లాయరుకు ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీకి కూడా ఇదే దారి: నోటరీ, రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, అపోస్టిల్, ఆ దేశ భాషలోకి అనువాదం. అందులో ఈ ఒక్క భూమి కొనే అధికారం మాత్రమే రాయండి. జీపీఏ ఇచ్చి పొలాలు పోగొట్టుకున్న కథలు మన ఊళ్లలో తక్కువేమీ కాదు.

డబ్బు పంపడం

బ్యాంకులో “ఎల్ఆర్ఎస్ కింద పంపాలి” అని చెప్పండి. తెలుగు రాష్ట్రాల్లో ఎల్ఆర్ఎస్ అంటే లేఅవుట్ క్రమబద్ధీకరణ. ఇది వేరు, విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన పథకం. భారత్‌లో నివసించే ఒక్కో వ్యక్తి ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల దాకా పంపవచ్చు. స్థిరాస్తి కొనడానికి 2022 నాటి విదేశీ పెట్టుబడుల నిబంధనలు అనుమతిస్తాయి. డబ్బు పంపేటప్పుడు బ్యాంకులో నింపే ఏ2 ఫారంలో ప్రయోజన కోడ్ ‘ఎస్0005’, విదేశంలో స్థిరాస్తి పెట్టుబడి. కౌంటరులో తెలియక కుటుంబ పోషణ కోడ్ రాస్తే ఒప్పుకోకండి, తర్వాత లెక్క చెప్పాల్సింది మీరే.

భార్యాభర్తలిద్దరి పరిమితీ కలపాలంటే దస్తావేజులో ఇద్దరి పేర్లూ ఉండాలి. ఈ చెల్లింపు కోసం బ్యాంకు అప్పు ఇవ్వకూడదు, కాబట్టి సొంత డబ్బే కావాలి. ఏడాది పైగా ఖాతా ఉన్న బ్యాంకు నుంచి పంపితే ప్రశ్నలు తగ్గుతాయి. దుబాయ్‌లో ఉన్న మిత్రుడు అక్కడ కట్టేస్తాడు, ఇక్కడ రూపాయలు ఇచ్చేద్దాం అన్న ఆలోచన వద్దు. అది హవాలా.

ఏడాదిలో మీరు ఎల్ఆర్ఎస్ కింద పంపింది 10 లక్షల రూపాయలు దాటితే, దాటిన భాగం మీద 20 శాతం టీసీఎస్, అంటే బ్యాంకే ముందుగా పట్టుకునే పన్ను, వసూలు చేస్తారు. 25 లక్షలు పంపితే 15 లక్షల మీద 3 లక్షలు అదనంగా చేతిలో ఉండాలి. ఇది పోయే డబ్బు కాదు, ఆదాయపు పన్నులో సర్దుకోవచ్చు. ఉద్యోగులు కంపెనీకి ముందే తెలియజేస్తే నెలనెలా జీతంలో కోసే పన్ను కూడా తగ్గుతుంది. బ్యాంకు చెప్పే ఛార్జీ కంటే మారకపు రేటులో పోయేదే ఎక్కువ, రేటు దగ్గర బేరమాడండి.

చిన్న కొనుగోలులో ఇంకో లెక్క ఉంది. నా 7 వేల యూరోల మీద బదిలీ పన్ను 5 శాతం, అంటే 350 యూరోలు, స్టాంపు 0.8 శాతం, అంటే 56. ఇవి చిన్నవే. లాయరు, అనువాదాలు, అపోస్టిల్, విమానం కలిపితే భూమి ధరలో సగం దాటింది. భూమి ఎంత చవకైనా ఈ ఖర్చులు చవక కావు.

కొన్న తర్వాత

పన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టిక నింపాలి. ఐటీఆర్-1, ఐటీఆర్-4 పనికిరావు. చెప్పకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడవచ్చు. 20 లక్షల లోపు ఆస్తులకు 2024 అక్టోబరు నుంచి ఇచ్చిన సడలింపు స్థిరాస్తికి వర్తించదు. భూమి విలువ లక్షే అయినా, దాని మీద పైసా ఆదాయం రాకపోయినా రాయాల్సిందే. మీ ఆడిటరు “చిన్నదే కదా, వదిలేద్దాం” అంటే ఆడిటరును మార్చండి.

వారసత్వం కూడా ఇప్పుడే చూసుకోండి. జపాన్‌లో వారసులు సంగతి తెలిసిన మూడేళ్లలోపు పేరు మార్పించుకోవాలని 2024 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు. అమెరికాలో పౌరులు, నివాసులు కానివారి ఆస్తికి ఎస్టేట్ పన్ను (యజమాని చనిపోయాక ఆస్తి మీద వేసే పన్ను) మినహాయింపు 60 వేల డాలర్లే. అమ్మేటప్పుడు కొనేవాడు మీకిచ్చే సొమ్ములో సాధారణంగా 15 శాతం ఆపి అక్కడి పన్ను శాఖకు కడతాడు. దాన్ని తిరిగి అడగాలంటే అక్కడా రిటర్ను వేయాలి. అమ్మిన డబ్బును వేరే పెట్టుబడిలో పెట్టకపోతే 180 రోజుల్లో భారత్‌కు తెచ్చుకోవాలి.

కర్నూలాయన ఆ ఐదెకరాల గురించి అమ్మేవాడికి బోరు అనుమతి, దారి హక్కు అడుగుతూ రాశారు. “ఈ ధర శుక్రవారం దాకా మాత్రమే” అని జవాబు వచ్చింది. శుక్రవారం వెళ్లిపోయింది. ఇప్పుడు ఆయన చూపు జపాన్‌లో ఒక పాత ఇంటి మీద పడింది. రోడ్డు ఉంది, బావి ఉంది, పక్కింటి ముసలావిడ పళ్లు పంపుతుందట. మొన్న రిజిస్ట్రీ నకలు తెప్పించి నాకు పంపారు. అందులో ఇంటి స్థలం కింది వరుసలో ఇంకో ముక్క ఉంది, భూమి రకం గడిలో ‘హతకే’ అని రాసి ఉంది, అంటే మెట్ట పొలం. వ్యవసాయ కమిటీకి రాయాల్సిన ఉత్తరం ఈ ఆదివారం కూర్చుని రాస్తాం.